మెత్తని పెట్టె

లాగ్ 2206. సోమవారం, పోటు.

పొద్దున్నే గోడ చెమట తుడిచాను. ఆసుపత్రి రికార్డుల్లో నేను సిగ్నల్ గది ప్రధాన నిపుణురాలిని. ముప్ఫై ఏళ్లుగా నా రోజు మొదలయ్యేది మాత్రం పాత గుడ్డతోనే. నలభై మీటర్ల నీళ్ల కింద గోడ అన్నాక చెమట పడుతుంది. ఒక్క చుక్క ప్లగ్గులోకి దిగితే చాలు, తెర మీద గుండె సిగ్నలు పిచ్చి గీతలైపోతుంది, డాక్టర్ షహనాజ్ గారు తలతిప్పి నా వైపు చూస్తారు. ఆవిడ నన్నలా చూసి పదకొండేళ్లయింది. ఎవరూ మెచ్చుకోరు కాబట్టి ఈ సంగతి నేనే రాసిపెట్టుకుంటున్నాను.

ఈరోజు లిఫ్టులో కొత్త తీగ దిగింది. క్యాథెటర్ అనాలి, మా దిగువపేటలో అందరూ తీగ అనే అంటారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెలోకి పంపి, కరెంటు ఎక్కడ దారి తప్పి తిరుగుతోందో పట్టుకుని, ఆ చోటును కాల్చడానికి వాడతారు. పాత తీగకు సిగ్నలు వినే ఎలక్ట్రోడ్లు, మా మాటలో చెవులు, పది ఉండేవి. దీనికి నలభై ఎనిమిది, చెవికీ చెవికీ మధ్య బియ్యపు గింజంత ఎడం కూడా లేదు. ఇది మూడేళ్ల కిందటే కావాలని అడిగాను, ఇన్నాళ్లకు పైవాళ్లకు దయ కలిగింది.

సరైన సమయానికే వచ్చింది. శుక్రవారం గరికిన ఎల్లాజీకి మూడోసారి కాల్చాలి. ఎల్లాజీ గోడ పనివాడు. ఊరి బయటి గోడకు పట్టిన గుల్లలు గీకుతాడు. ఎప్పుడో వచ్చిన జ్వరం అతని గుండె కండరం మీద మచ్చ వదిలింది. ఆ మచ్చలో ఎక్కడో సన్నటి సందు ఉంది, కరెంటు అందులో దూరి గిరగిరా తిరుగుతుంది, గుండె నిమిషానికి రెండు వందలసార్లు కొట్టుకుని మనిషి పడిపోతాడు. నీళ్లలో ఉండగానే రెండుసార్లు పడిపోయాడు. రెండుసార్లు కాల్చారు. రెండుసార్లూ నెల తిరక్కుండా మళ్లీ మొదలైంది. గుండె గోడ ఇప్పటికే పల్చబడింది, ఈసారి కుదరకపోతే నాలుగోసారి లేదని డాక్టరు గారు చెప్పేశారు. అతని మనసుకు కూడా తెలిసినట్టే ఉంది, గత వారం వచ్చి తన గీకుడు కత్తి తమ్ముడికిచ్చానని చెప్పాడు.

నేనైతే ధైర్యంగానే ఉన్నాను. నలభై ఎనిమిది చెవులకు దొరకని సందు ఉండదు.

లాగ్ 2207. మంగళవారం, పోటు.

కొత్త తీగను ఈరోజు ఇంకో మచ్చ గుండెలో వాడారు. ఆ కేసు తేలికదే, బాగానే అయింది. నాకు మాత్రం నచ్చలేదు. రికార్డింగ్ పక్కన ఆ మనిషిదే పాత తీగతో తీసినది పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. అదే నున్నటి కొండ, అదే నున్నటి వాలు. పది చెవులూ నలభై ఎనిమిది చెవులూ ఒకటే మాట చెబితే మిగతా ముప్ఫై ఎనిమిదీ నిద్రపోయినట్టే కదా.

తీగ తయారుచేసిన వాళ్లకు ఘాటుగా ఉత్తరం రాశాను. "మీ సరుకు అందంగా ఉంది, పనిచేయదు" అన్నది అందులో మర్యాదైన వాక్యం.

లాగ్ 2208. బుధవారం, ఆటు.

ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

పొద్దున వాళ్ల తప్పు రుజువు చేద్దామని తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, కొత్త తీగ ముంచి, పక్కనుంచి నేనే తయారుచేసిన సిగ్నలు వదిలాను. ఒక పెద్ద ముల్లు, దాని వెనకాల అయిదు చిన్న ముళ్లు. మచ్చలోని సందులో కరెంటు నత్తనడక నడిచినప్పుడు అచ్చం అలాగే ఉంటుంది: అసలు చప్పుడు అయిపోయాక ఆలస్యంగా, సన్నగా, చిటపటమని. డాక్టరు వెతకాల్సింది ఆ చిటపటనే. తెర మీద పెద్ద ముల్లు వచ్చింది. దాని వెనకాల నున్నటి వాలు. అయిదు ముళ్లు లేవు.

పాత తీగ ముంచాను. అదే. ఎలక్ట్రోడ్లు మార్చాను. అదే. తొట్టి కడిగాను, నీళ్లు మార్చాను, కుర్చీ మార్చాను. మధ్యాహ్నం దాకా అన్నీ మార్చాను, ఒక్క దాన్ని తప్ప. అది తీగకూ తెరకూ మధ్య ఉండే, నేను చేసిన పెట్టె. నా పెట్టెలో తప్పుండదని నా నమ్మకం. చివరికి దాన్ని పక్కకు తీసి తీగను నేరుగా తగిలించాను.

అయిదు ముళ్లూ వచ్చాయి. లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా.

పెట్టెను మళ్లీ తగిలించాను, ముళ్లు పోయాయి. తీశాను, వచ్చాయి.

ఈ పెట్టె సంగతి రాయాలి. మా ఊళ్లో గోడ బయటికి పనికి వెళ్లిన ప్రతి మనిషి ఊపిరీ వాళ్లింట్లో స్పీకర్లో వినిపిస్తుంది. అది వినిపించినంతసేపూ పొయ్యి మీద కూర ఉడుకుతుంది. ఆగితే ఆడవాళ్లు లేచి నిలబడతారు. ఆ అలవాటే ఆసుపత్రికీ వచ్చింది. గుండెలోకి తీగ పంపినప్పుడు ఇంటివాళ్లు పక్క గదిలో కూర్చుని ఆ గుండెను వింటారు. మొదట్లో అసలు సిగ్నలునే స్పీకరుకు ఇచ్చేవాళ్లం. అది మొరటుగా ఉండేది. చిటపటలు, గరగరలు, మధ్యమధ్య ఖాళీలు. తొమ్మిదేళ్ల కిందట ఒక ముసలావిడ భయపడిపోయి తలుపు బాదింది. ఇంటివాళ్లు తలుపు బాదితే పని ఆపాలన్నది మా ఊరి నియమం, ఆపారు. అప్పుడు నేను ఈ పెట్టె చేశాను. చిటపటలను నున్నగా చేస్తుంది. తీగ గుండె గోడకు తగలక సిగ్నలు పోతే, ముందు విన్నదాన్ని బట్టి తనే చప్పుడు చేసి ఖాళీ పూడుస్తుంది. అందరూ దాన్ని మెత్తని పెట్టె అన్నారు. నాకు సన్మానం కూడా చేశారు.

అప్పట్లో అది స్పీకరు వైరుకు మాత్రమే ఉండేది. రెండేళ్ల కిందట ఆపరేషన్ గది మారింది. ఈ ఊళ్లో గోడకు కన్నం పెట్టడమంటే పిల్ల పెళ్లి కుదిర్చినంత పని. గోడ కమిటీ ఒక్క కన్నానికే ఒప్పుకుంది. ఒక్క వైరే గోడలోకి వెళ్లి, లోపలే రెండుగా చీలి, ఒకటి డాక్టరు తెరకూ ఇంకొకటి స్పీకరుకూ పోతుంది. స్పీకరు ఆ గోడలోనే పోతపోసి ఉంది. అంచేత పెట్టెను కన్నానికి ఇవతల, మంచం పక్కనే పెట్టాను. తెర కూడా శుభ్రంగా కనిపించిందని డాక్టరు గారు సంతోషించారు. పెట్టె తీసేసేది పంపుల గోలనూ కండరాల గరగరనూ మాత్రమేనని చెప్పాను. గుండె సిగ్నలు జోలికి పోదన్నాను. కొలిచి చూడలేదు. నేను చేసినదాన్ని నేను కొలవడమేమిటనుకున్నాను.

రెండేళ్లలో మచ్చ గుండెలు పదకొండు. అందులో అయిదు మళ్లీ వచ్చాయి. ఎల్లాజీ వాటిలో ఒకడు.

లాగ్ 2209. బుధవారం, పోటు.

డాక్టరు గారికి చెప్పాను. ఆవిడ తొట్టి దగ్గర నిలబడి, పెట్టెతో ఒకసారి, పెట్టె లేకుండా ఒకసారి చూశారు.

"నేను చీకట్లో కాల్చానన్నమాట," అన్నారు.

"మీరు కాదు. నేను దీపం ఆర్పాను."

"ఇద్దరమూ పంచుకుందాం హైమ గారూ, టైము లేదు. పెట్టె తీసేస్తే స్పీకరుకూ ఇదే పోతుంది కదా?"

"పోతుంది. ఖాళీలతో సహా."

"రెండో కన్నం?"

"కమిటీ నలభై రోజులంటోంది."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. గంట కిందటే ఎల్లాజీ భోజనం దగ్గర పడిపోయాడట, షాకిచ్చి లేపారట. నలభై రోజులు కాదు, నాలుగు రోజులు కూడా ఆగేలా లేదన్నారు. మిగతా నలుగురికీ కబురు పంపమన్నారు. పంపాను. వాళ్లకు విషయం నా నోటితో నేనే చెబుతానని కూడా రాశాను.

స్పీకరు కట్టేయడం ఒక దారి. కానీ ఈ ఊళ్లో స్పీకరు ఆగడమంటే ఏమిటో నాకు తెలుసు. పొరుగు వీధివాళ్లు కూడా వచ్చి తలుపు బాదుతారు.

లాగ్ 2210. గురువారం, ఆటు.

ఎల్లాజీ మంచం మీద, అతని భార్య నూకాలు పక్కన పీట మీద. పచ్చిరొయ్యల కూర క్యారియరు ఇంకా మూత తియ్యలేదు. ఉపోద్ఘాతాలు నాకు చేతకావు. తొట్టిలో చూసింది చూసినట్టు చెప్పాను.

నూకాలు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక నెమ్మదిగా అడిగింది.

"అంటే మా మావ గుండికాయ రెండుసార్లు కాల్పించినావు. సోటు తెలకుండా."

"అవును."

"మేం బయపడిపోతామనేసి."

"మొదట అందుకే. తర్వాత నా గొప్ప కోసం. తీసి చూడాల్సింది, చూడలేదు."

"ఎంత పని సేసినావు తల్లీ," అని మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. అక్కడ ఏడవాల్సింది నేను కాదు.

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "ఓసారి నానూ గుల్లనుకోని మంచి రేకునే గీకీసినాను. పదేళ్లయినాది. ఎవులికీ సెప్పనేదు. ఈయమ్మ సెప్పింది గదా."

"నువ్వూరుకో మావా. నీ రేకు నీళ్లు కారనేదు," అంది నూకాలు. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ పెట్టె కాళీల్లో తనే కొడతాదన్నావు. ఎన్ని కొడతాది?"

"అయిదు చప్పుళ్లు. అప్పటికీ సిగ్నలు రాకపోతే ఆగిపోతుంది."

"మడిసి పోనా కొడతాదా?"

ఈ ప్రశ్న తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. డాక్టరు గారికి మంచం పక్కన ఛాతీ పట్టీల తెర వేరే ఉంది కాబట్టి ఆవిడకు తెలుస్తుంది. పక్క గదిలో వాళ్లకు తెలియదు.

"కొడుతుంది," అన్నాను.

"అయిదు సప్పుళ్లు పడీదాకా నాను బతికే ఉన్నాడనుకోని కూకుంటాను."

"అవును."

ఆమె లేచి క్యారియరు మూత తీసింది, అన్నం కలిపింది, మొగుడి చేతికి పళ్లెం ఇచ్చింది. అదంతా అయ్యాక అంది. "తీసీ ఆ పెట్టె. ఎలాగుంటే అలాగే ఇనిపించు. ఆగితే ఆగిపోనాదని నాకు తెలవాల."

"మొరటుగా ఉంటుంది నూకాలమ్మా. మీ అత్తగారు కూడా కూర్చుంటారు కదా."

"మా యత్తని నాను సూసుకుంటాను. నువ్వు మాత్రం ఆ గదిలో మాకాడే కూకోవాల. ఏటి ఇనపడతందో సెప్పాల. మిషనుకాడ నువ్వు నేకపోతే ఆగిపోద్దేటి?"

ఆగదు. రికార్డింగు తనంతట తను నడుస్తుంది. అక్కడ నేను చేసేది గోళ్లు కొరుక్కోవడమే. వస్తానన్నాను.

మధ్యాహ్నం ఆమెను తొట్టి దగ్గరకు తీసుకెళ్లి అన్నీ వినిపించాను. మంచి కండరం, మచ్చ, మచ్చలో సందు, తీగ పట్టు తప్పడం. ఇరవై రెండేళ్లుగా మొగుడి ఊపిరి వింటున్న మనిషి. ఎల్లాజీ గోడ మీద ఎడమకు తిరిగాడో కుడికి తిరిగాడో వంటింట్లోంచే చెప్పగలదట. నాలుగోసారికి తప్పులేకుండా చెప్పేసింది. సందులో చిటపటకు తనే ఒక పేరు పెట్టింది: తోక. "టక్కుమన్నాక తోక ఉంటే అదే దొంగ," అంది. మా శాఖలో ముప్ఫై పేజీల వివరణ ఉంది, అందులో ఇంత సూటిగా ఎక్కడా లేదు.

లాగ్ 2211. శుక్రవారం, ఆటు.

పెట్టె తీసేశాను. ప్లగ్గులు మూడుసార్లు తుడిచాను. తొట్టి సిగ్నలుతో చివరిసారి కొలిచాను, అయిదుకు అయిదు. ఈసారి కొలిచే రాస్తున్నాను. పది గంటలకు మొదలు.

లాగ్ 2212. శుక్రవారం, పోటు.

ఇంటివాళ్లు కూర్చునే గదిలో ముగ్గురం. నూకాలు, ఆమె అత్తగారు అసిరమ్మ, నేను. అసిరమ్మకు డెబ్భై ఎనిమిదేళ్లు, తలుపుకు దగ్గరి కుర్చీ ఏరుకుని కూర్చుంది. తెర లేదు, కిటికీ లేదు. గోడలో పోతపోసిన స్పీకరు ఒక్కటే. తెర ముందు కూర్చోవడానికే అలవాటుపడ్డ నాకు చెవులు తప్ప ఏమీ లేకపోవడం ఇదే మొదలు. భయం వేసింది. తొమ్మిదేళ్లుగా మనుషుల్ని కూర్చోబెట్టిన గదిలో నేనెప్పుడూ కూర్చోలేదని అప్పుడు తెలిసింది.

మొదటి చప్పుడు వచ్చింది. టక్. వెనకాల గరగర.

"ఏటిది, ఇలాగున్నాది," అంది అసిరమ్మ. "పోనసారి ఇలాగ నేదు."

"పోనసారి మనకి ముద్దు సేసి ఇనిపించినారత్తా. ఇదే అసలుది," అంది నూకాలు.

తీగ మంచి కండరం మీద నడుస్తోంది. టక్. టక్. నూకాలు నా మొహం చూడటంలేదు, తల వంచుకుని వింటోంది. చాలాసేపు అలాగే సాగింది. తర్వాత టక్కు మొద్దుబారింది. మచ్చ అంచు మీదికి వచ్చారని నేను చెప్పబోయేలోపే ఆమె చెయ్యి ఎత్తింది.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

తీగ పట్టు తప్పి ఉంటుంది. తొట్టిలో వందసార్లు విన్నాను. "తీగ కదిలింది, గుండె కాదు," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు. అసిరమ్మ లేచింది, ఒక చెయ్యి తలుపు మీద పెట్టింది. నూకాలు ఆమె రెండో చెయ్యి పట్టుకుని, బాదొద్దని కూడా అనకుండా, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. నా పెట్టె ఉంటే ఇక్కడిదాకా అబద్ధమాడేది. ఆరు. అసిరమ్మ పిడికిలి బిగిసింది. ఏడు.

టక్. చిట్ చిట్ చిట్ చిట్.

"తోక," అంది నూకాలు.

అంత పొడవైన తోకను నా ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు. గోడ అవతల డాక్టరు గారికి తెర మీద కనిపించే ఉంటుంది, తీగ అక్కడే నిలబడింది, అదే చప్పుడు మళ్లీ మళ్లీ వచ్చింది. తర్వాత సన్నటి జోరీగ రొద. కాలుస్తున్నారని చెప్పాను. రొద ఆగాక చిట్లు మూడయ్యాయి. మళ్లీ రొద. ఒకటి. మళ్లీ రొద. తర్వాత వినిపించింది ఉత్త టక్కు మాత్రమే. అసిరమ్మ కూర్చుంది. తలుపు మీంచి చెయ్యి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు.

"అయిపోనాదా?" అంది నూకాలు.

"ఇంకా లేదు. ఇప్పుడు డాక్టరు గారు కావాలనే గుండెను తరుముతారు. తరమడం ఆపాక అది తనంతట తనే పరిగెడితే జబ్బు ఉన్నట్టు. ఆగి, నడక అందుకుంటే పోయినట్టు. మూడుసార్లు చేస్తారు."

"పోనసారి పరిగెట్టినాదా?"

"లేదు. పోయినసారి కూడా ఆగింది. అయినా నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా తరమమని చెప్పాను."

మొదటిసారి టకటకమని తరిమారు, ఆపారు. చిన్న ఖాళీ, తర్వాత మామూలు నడక. రెండోసారి ఇంకా వేగంగా. అదే ఖాళీ, అదే నడక. మూడోసారి అన్నిటికన్నా గట్టిగా తరిమారు. చప్పుళ్లు విడివిడిగా వినపడటం మానేసి ఒకటే రొదయ్యాయి. తర్వాత ఠక్కున ఆగిపోయాయి.

గదిలో ఏ చప్పుడూ లేదు. ఈసారి నూకాలు లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు. ఆమె నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. ఆ ఖాళీ పూడ్చడానికి మా ముగ్గురి దగ్గరా ఏమీ లేదు.

టక్.

కాస్త ఆగి ఇంకొకటి. తోక లేదు. గరగరగా, పొడిగా, ఎవరూ నున్నగా చెయ్యని చప్పుడు.

నూకాలు నా చెయ్యి వదల్లేదు. "ఇది నీ పెట్టె కొట్టింది కాదు గదా?" అంది.

"కాదు," అన్నాను. "ఎల్లాజీదే."